కాలిపర్ల చప్పుడు

ఇల్లు మారడానికి సామాను సర్దుతూ, అటక మీది నుంచి దించిన రేకు పెట్టె మూత తెరిచాను. లోపల ఏముందో కంటికి ఆనకముందే వాసన వచ్చింది. పాతబడిన తోలు, తుప్పెక్కిన ఇనుము, ఎప్పుడో వేసిన కుట్టుమిషను నూనె, ఈ మూడూ కలిసిన ఆ వాసనను నేను నిద్రలో కూడా గుర్తుపట్టగలను. పెట్టె అడుగున పాత దుప్పటి ముక్కలో చుట్టి నా మొదటి కాలిపర్లు ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో చదివిన రోజులన్నీ నన్ను నిలబెట్టినవి అవే. వాటి పక్కనే రబ్బరు బ్యాండు వేసిన 11 క్యాసెట్లు ఉన్నాయి. ముట్టుకోగానే బ్యాండు తెగిపోయింది. క్యాసెట్ల మీద ఒకవైపు నా చేతిరాతలో పాఠాల పేర్లు, మరోవైపు వేలితో తడిమితే తప్ప తెలియని చుక్కలు.

సర్దడం ఆపి అక్కడే కూర్చుండిపోయాను.

కాలిపర్లు చూడనివారి కోసం కొంత చెప్పాలి. చిన్నతనంలో పోలియో వచ్చి కాళ్లలో బలం పోయినవారికి తొడ దగ్గర నుంచి పాదం వరకు రెండు ఇనుప బద్దలు, వాటిని కాలికి పట్టి ఉంచే తోలు పట్టీలు, కింద బరువైన బూటు, మోకాలి దగ్గర ఒక తాళం ఉండేవి. లేచి నిలబడ్డాక మోకాలి దగ్గరి ఇనుప కడియం కిందికి జారి ‘టక్’మని పడితే కాలు కర్రలా బిగుసుకుంటుంది, అప్పుడు అడుగు వేయవచ్చు. కూర్చోవాలంటే వంగి ఆ కడియాన్ని పైకి లాగాలి. నడుస్తున్నంతసేపూ ఇనుము ఇనుముతో రాసుకొని ఒక చప్పుడు వచ్చేది. నూనె వేస్తే రెండు రోజులు తగ్గేది, మూడో రోజు మళ్లీ మొదలయ్యేది. నిశ్శబ్దంగా ఉండే లైబ్రరీ హాల్లో నేను ఒక బల్ల దగ్గర నుంచి మరో బల్ల దగ్గరికి వెళితే, చదువుకుంటున్న తలలన్నీ పైకి లేచేవి. ఆ తలలు లేవకూడదని, కావలసిన పుస్తకం తెచ్చుకోవడం మానుకొని చేతిలో ఉన్నదాన్నే చదువుకుంటూ కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి.

ఆ చప్పుడు కావాలని అడిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు.

*

హాస్టల్లో నాకు కేటాయించింది నిజానికి గది కాదు. మిగతా గదులన్నీ మెట్లెక్కి వెళ్లవలసినవి కాబట్టి, కింద మెట్ల పక్కన విరిగిన మంచాలు పడేసే కొట్టును ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, నాకు ఇచ్చారు. పుట్టుకతో చూపు లేని మరో విద్యార్థికి కూడా అందులోనే మంచం వేశారు. ‘ఇద్దరూ ఒకచోట ఉంటే ఒకరికొకరు ఆసరాగా ఉంటారు’ అని వార్డెన్ గారు ఆదరంగానే చెప్పారు. ఆయన ఆదరాన్ని నేను ఈనాటికీ శంకించను. అయినా, ‘ఇలాంటివాళ్లను’ ఏరి ఒక మూలకు చేర్చారన్న బాధ మా ఇద్దరికీ చాలాకాలం పోలేదు.

మొదటి సాయంత్రం నేను లోపలికి రాగానే అతను తల ఎత్తి, ‘ఆ ఇనుము చప్పుడు నీదేనా?’ అని అడిగాడు. నాకు ముఖం వేడెక్కింది. నూనె వేసి ఆపుతానని చెప్పాను. ‘వద్దు, ఆపకు. నువ్వెక్కడున్నావో నాకు తెలుస్తుంది’ అన్నాడు. ఆ మాట అన్న తరువాత అతను మళ్లీ తన పనిలో పడిపోయాడు. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. అంతవరకు నా నడక చప్పుడు ఎవరికైనా పనికివస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

అతనికి క్యాంపస్ మొత్తం అంకెల్లో ఉండేది. హాస్టల్ గుమ్మం నుంచి పెద్ద చెట్టు దాకా 96 అడుగులు, అక్కడ కుడికి తిరిగితే లైబ్రరీకి 210, లైబ్రరీ మెట్లు 14. ఎండ ముఖానికి తగిలే తీరును బట్టి, గోడ దగ్గర గాలి ఆగిపోయే చోటును బట్టి మలుపులు గుర్తుపెట్టుకొనేవాడు. దారిలో ఎవరైనా సైకిలు అడ్డంగా నిలబెడితే ఆ లెక్క అంతా చెదిరిపోయేది. గోతులు తవ్వి హెచ్చరిక బోర్డు పెట్టేవారు గాని, ఆ బోర్డు ఎవరికి కనబడుతుందో ఎవరూ ఆలోచించేవారు కారు. అలాంటి రోజుల్లో నేను ముందు నడిచేవాణ్ణి, అతను నా చప్పుడు వెనక నడిచేవాడు. నేను ఆగితే ఆగేవాడు.

మమ్మల్ని అలా చూసి ఒక అధ్యాపకుడు తరగతిలో ‘పంగ్వంధ న్యాయానికి వీరే ఉదాహరణ’ అన్నారు. నడవలేనివాడు చూపున్నవాడు, చూపులేనివాడు నడవగలవాడు, ఇద్దరూ కలిసి అడవి దాటడం అందరికీ తెలిసిన కథే. ఆయన మెచ్చుకోలుగానే అన్నారు, పిల్లలు కూడా ఆప్యాయంగానే చూశారు. ఆ రాత్రి మంచం మీద పడుకొని నా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘ఒరేయ్, ఆ ఇద్దరూ అడవిలో చిక్కుకుపోయేదాకా అక్కడ బాట ఎందుకు లేదో ఆ కథలో ఎవరైనా అడుగుతారా?’ అన్నాడు.

*

రాత్రి భోజనాలయ్యాక మా గదిలో రికార్డింగు మొదలయ్యేది. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేవాళ్లం, కిటికీలు మూసేవాళ్లం. చెమటతో పుస్తకం పేజీలు వేళ్లకు అంటుకొనేవి. 90 నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో వైపు 45 నిమిషాలు. వాక్యం మధ్యలో టేపు అయిపోకూడదని గడియారం ఎదురుగా పెట్టుకొని చదివేవాణ్ణి. ప్రతి పేజీ మొదట్లో పేజీ సంఖ్య చెప్పాలి. కొత్త అధ్యాయం వచ్చినప్పుడు చిన్న గంట మోగించాలి. టేపును వేగంగా ముందుకు తిప్పినప్పుడు మాటలన్నీ కిచకిచలుగా కలిసిపోయినా ఆ గంట మాత్రం తెలుస్తుందని, అధ్యాయం వెతుక్కోవడానికి అదే ఆధారమని అతనే నాకు నేర్పాడు.

అధోజ్ఞాపికల దగ్గర మాకు పెద్ద తగవు వచ్చింది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఆ వివరణలు చదివితే ధార తెగిపోతుందని నేను వాటిని వదిలేసేవాణ్ణి. ఒకరోజు అతను ఆ సంగతి పట్టుకొన్నాడు. పరీక్షలో ఎవరో రాసిన సమాధానంలో తాను ఎన్నడూ వినని ఒక వివరం ఉందని, అది ఎక్కడిదని అడిగితే అధోజ్ఞాపికలో ఉందని చెప్పారని అన్నాడు. ‘కన్నున్నవాడు చూసి వదిలేస్తాడు, అది వాడి ఇష్టం. నా తరఫున నువ్వు వదిలేయకు’ అన్నాడు. కోపంగా అనలేదు. అయినా ఆ మాట నాకు లోతుగా తగిలింది. అతనికి సాయం చేస్తున్నానన్న సంతోషంలో, అతను ఏది చదవాలో ఏది చదవనక్కరలేదో నేనే నిర్ణయిస్తున్నానని అంతవరకు నాకు తోచలేదు. అతనికి చేరే చదువంతా నా గొంతు గుండా వెళ్లవలసి రావడమే అసలు ఇబ్బంది. నాకు జలుబు చేస్తే అతని చదువు ఆగేది. నాకు పరీక్షలు దగ్గరపడితే అతని పాఠాలు వెనకబడేవి.

అర్థశాస్త్రంలోని గీతపటాలు గొంతుకు లొంగేవి కావు. ‘గీత ఎడమ నుంచి కుడికి దిగుతుంది’ అని ఎన్నిసార్లు చెప్పినా అతనికి ఆ దిగడం తెలిసేది కాదు. అట్టముక్క మీద జిగురుతో నూలు దారం అంటించి, గిరాకీ గీతకు సన్నదారం, సరఫరా గీతకు పురికొస వాడి చూశాం. జిగురు ఆరాక అతను రెండు చూపుడు వేళ్లతో రెండు గీతల వెంట నడిచి, అవి కలిసే చోట రెండు వేళ్లూ తగలగానే ‘ఇదా ధర!’ అన్నాడు. ఆ అట్టలు ఒక కట్ట తయారయ్యాయి. తరువాత సంవత్సరాల్లో వచ్చిన చూపులేని విద్యార్థులకు కూడా అవి చేతులు మారి వెళ్లాయని విన్నాను. పరీక్షలో అవేవీ పనికిరాలేదు. అతను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే స్క్రైబుగా వచ్చిన కుర్రవాడికి ఆ విషయం తెలియకూడదన్నది నియమం. అందువల్ల నిలువు గీత ఏదో అడ్డగీత ఏదో కూడా ఇతనే చెప్పి రాయించుకోవాలి. ఒకసారి ఆ కుర్రవాడు రెండింటినీ తారుమారు చేశాడు. రాసినదేమిటో చూసి దిద్దే వీలు ఇతనికి లేదు. ఆ పేపర్లో తగ్గిన మార్కుల గురించి నా మిత్రుడు నాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఎవరో చెబితే తెలిసింది.

*

తరగతిలో అతను బ్రెయిలీలో నోట్సు రాసుకొనేవాడు. లోహపు పలక మధ్య మందపాటి కాగితం బిగించి, మొనతేలిన స్టైలస్‌తో ఒక్కో చుక్కా పొడుస్తూ కుడి నుంచి ఎడమకు రాయాలి. కాగితం తిప్పితే చుక్కలు ఉబ్బెత్తుగా పైకి వస్తాయి, అప్పుడు ఎడమ నుంచి కుడికి చదువుతారు. ఒక్కో అరలో ఆరు చుక్కలకే చోటు. మన గుణింతాలూ ఒత్తులూ అందులో ఎలా పడతాయని అడిగితే, అక్షరానికి తగిలించరని, వరుసగా ఒకదాని పక్కన మరొకటి పెడతారని చెప్పాడు. ‘మా లిపిలో ఒత్తులు కిందికి దిగవు’ అన్నాడు. ఆ పొడిచే చప్పుడు పాఠానికి భంగంగా ఉందని ఒక అధ్యాపకుడు అతన్ని చివరి బల్లకు పంపారు. చివరి బల్ల దగ్గరికి మాట సరిగా వినబడేది కాదు. చూపు లేనివాడికి వినబడకపోతే ఇక తరగతిలో మిగిలేదేమిటని నేను ఆ రోజే లేచి అడగవలసింది. అడగలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

నా కాలిపరు పట్టీ తెగినప్పుడు చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి ఇద్దరం వెళ్లేవాళ్లం. ఆయన ఆరెతో తోలుకు రంధ్రాలు పొడుస్తుంటే, ఒకసారి నా మిత్రుడు ఆ ఆరెను చేతికి ఇమ్మని అడిగి తీసుకొని, మొన మీద వేలు ఆనించి చూశాడు. లూయీ బ్రెయిలీకి మూడేళ్ల వయసులో తండ్రి తోలుపని కొట్టంలో ఇలాంటి పనిముట్టే కంట్లో గుచ్చుకొని, క్రమంగా రెండు కళ్లూ పోయాయని ఆయనకు చెప్పాడు. పదిహేనేళ్లకే ఆ పిల్లవాడు ఈ చుక్కల లిపిని రూపుదిద్దాడని, 1829లో అది పుస్తకంగా వచ్చిందని చెబుతూ, జేబులోంచి తన స్టైలస్ తీసి ఆరె పక్కన పట్టుకొన్నాడు. రెండూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. పెద్దాయన రెండింటినీ చాలాసేపు చూసి, ఆ రోజు నా దగ్గర డబ్బు తీసుకోలేదు.

*

మా కంటే పెద్దది, పరిశోధన చేస్తున్న ఒక అక్క ఉండేది. ఆమె చక్రాల కుర్చీలో తిరిగేది. ఆమె విభాగం మొదటి అంతస్తులో ఉంది. ప్రయోగశాల కూడా అక్కడే. లిఫ్టు లేదు. ఉదయం నలుగురు అబ్బాయిలు కుర్చీని నాలుగు వైపులా పట్టి పైకి చేర్చేవారు, సాయంత్రం కిందికి దించేవారు. మోయలేను కాబట్టి నేను ఆమె సంచీ, పుస్తకాలు పట్టుకొని వెనక వెళ్లేవాణ్ణి. మా అందరికీ అందులో ఒక గర్వం ఉండేది. మా క్యాంపస్‌లో మనుషులు మంచివారని చెప్పుకొనేవాళ్లం. ఆ మాట అబద్ధం కాదు.

అయితే ఆమె ఉదయం లేచింది మొదలు సాయంత్రం హాస్టలు చేరేవరకు ఒక్క గుక్క మంచినీళ్లు కూడా తాగేది కాదని మాకు చాలాకాలం తెలియదు. ఆ భవనంలో కుర్చీతో వెళ్లగలిగిన మరుగుదొడ్డి లేదు. మూత్రాశయానికి సంబంధించిన జబ్బు చేసి ఆమె ఆసుపత్రిలో పడుకొన్నాక ఆ సంగతి బయటపడింది. మేము రోజూ ఆమెను మోస్తూనే ఉన్నాం, ఆమె రోజూ దాహంతోనే ఉంది. రెండూ ఒకేసారి జరుగుతూ వచ్చాయి.

కోలుకొని వచ్చాక ఆమె ఒక అర్జీ రాసింది. తన తరగతులను కింది అంతస్తులో ఖాళీగా ఉన్న గదిలోకి మార్చాలని, ఒక మరుగుదొడ్డికి వెడల్పు తలుపు పెట్టాలని అడిగింది. మొదటిదానికి రూపాయి ఖర్చు లేదు. సమాధానంగా, ఆమెను మోయడానికి మరో ఇద్దరు పనివాళ్లను ఏర్పాటు చేస్తామని ఉత్తరం వచ్చింది. ఆ కాగితం చేతిలో పెట్టుకొని ఆమె నాతో, ‘మోయమని నేనెప్పుడు అడిగాను తమ్ముడూ? గది కిందికి దించమన్నాను. వాళ్లకు గది కంటే నేనే తేలికగా కనబడ్డాను’ అంది. ఆమె గొంతు ఏ మాత్రం పెరగలేదు.

ఒక అధ్యాపకుడు మాత్రం ఎవరి ఉత్తర్వు కోసమూ చూడకుండా తన తరగతిని కింది గదికి మార్చారు. ఆ ఏడాది వారానికి మూడు రోజులు ఆమె తన కుర్చీ తానే తోసుకొని తరగతికి వచ్చింది. మరుసటి ఏడాది ఆయన సెలవు మీద వెళ్లారు. తరగతి మళ్లీ పైకి పోయింది.

ఎడ్ రాబర్ట్స్ పేరు నేను మొదట విన్నది ఆమె నోటనే. పోలియో వల్ల మెడ కింది భాగం కదలని ఆయన 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ క్యాంపస్‌లో చేరాడు. రాత్రిళ్లు ఊపిరి కోసం ఇనుప యంత్రంలో పడుకోవలసిన మనిషి కాబట్టి హాస్టల్లో చోటు కుదరక, క్యాంపస్‌లోని ఆసుపత్రిలో ఒక గది ఇచ్చారు. ఆయన్ని చూసి మరికొందరు వచ్చి చేరారు. వాళ్లు తమను ‘రోలింగ్ క్వాడ్స్’ అని పిలుచుకొన్నారు. 1970 వచ్చేసరికి అక్కడ వైకల్యం ఉన్న విద్యార్థులే నడిపే ఒక సేవా విభాగం ఏర్పడింది: కుర్చీల మరమ్మతు, సహాయకుల ఏర్పాటు, వసతి వెతకడం అన్నీ వాళ్ల చేతుల్లోకి వచ్చాయి. ‘మనకు ఏం కావాలో చెప్పే కుర్చీలో మనమే కూర్చున్నాం చూడు, అది అక్కడి తేడా’ అని అక్క నాతో అంది. ఆమె తన పరిశోధన పూర్తి చేసింది. మా దగ్గర కాదు, లిఫ్టు ఉన్న వేరొకచోట.

*

లైబ్రరీకి ముందు 14 మెట్లు ఉన్నాయని చెప్పాను. వెనకవైపు పుస్తకాల కట్టలు దించుకొనే తలుపు ఒకటి ఉండేది. నేల మట్టంగా ఉండేది, బండి వెళ్లేంత వెడల్పుగా ఉండేది. అక్కడి అటెండరు నన్ను మెట్ల మీద ఒకసారి చూసి, మరుసటి రోజు నుంచి ఆ తలుపు తెరిచి ఉంచేవాడు. నా చప్పుడు దూరం నుంచే విని గడియ తీసేవాడు. ‘నిదానంగా రండి బాబూ’ అనేవాడు. రెండేళ్లపాటు నేను ఆ తలుపులోంచే లైబ్రరీకి వెళ్లాను. పుస్తకాల కట్టల మధ్య నుంచి, కొత్త కాగితం వాసన మధ్య నుంచి.

ఆయనకు బదిలీ అయింది. మరుసటి సోమవారం నేను వెళ్లేసరికి ఆ తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. కొత్తగా వచ్చినాయన చెడ్డవాడు కాదు, ఆ తలుపు సంగతి ఆయనకు తెలియదు, అంతే. ఎక్కడా రాసి లేదు కదా. చదువు పూర్తయ్యేవరకు మళ్లీ నేను ఆ 14 మెట్లే ఎక్కాను. తరువాత ఉద్యోగంలో చేరి ఇలాంటి పనులు నా చేతికి వచ్చినప్పుడు, ఎవరైనా ‘మా వాళ్లు అందరూ సాయం చేస్తారండీ’ అని చెబితే నాకు ముందుగా ఆ తాళమే కళ్ల ముందు మెదిలేది.

*

మా తరగతిలో వినికిడి లేని విద్యార్థి ఒకడు ఉండేవాడు. రెండేళ్లు ఒకే తరగతిలో కూర్చొని అతనితో నేను మాట్లాడింది చాలా తక్కువ. పెదవుల కదలిక చూసి గ్రహించేవాడు. అధ్యాపకులు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడినంతసేపూ అతనికి పాఠం తెగిపోయేది. నా నోట్సు తీసుకొని రాసుకొనేవాడు. ఒకరోజు అతను ఒక వార్త కత్తిరింపు తెచ్చి నాకు చూపించాడు. అమెరికాలో 1864లో మొదలైన గాలోడెట్ వినికిడి లేనివారి విశ్వవిద్యాలయం. 1988 మార్చిలో అక్కడ మళ్లీ వినికిడి ఉన్న వ్యక్తినే అధ్యక్ష పదవికి ఎంపిక చేస్తే విద్యార్థులు గేట్లు మూసి వారం రోజులు ఆందోళన చేశారు, చివరికి ఐ. కింగ్ జోర్డాన్ అక్కడ వినికిడి లేని మొదటి అధ్యక్షుడయ్యాడు. అతని కళ్లలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. రెండు అరచేతులు కలిపి పుస్తకంలా తెరిచి ‘పుస్తకం’ అనే సంజ్ఞ నేర్పాడు. నేను నేర్చుకొన్నది అదొక్కటే. ఇంకా నేర్చుకోవలసింది.

*

మరొక విశ్వవిద్యాలయపు లైబ్రరీలో నాకు ఉద్యోగం వచ్చింది. వైకల్యం ఉన్నవారి హక్కుల గురించి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 2006 డిసెంబరు 13న ఆమోదం పొంది, 2008లో అమలులోకి వచ్చాక మా దగ్గరికి సర్క్యులర్లు రావడం పెరిగింది. ఆ ఒడంబడిక 24వ అధికరణం ఉన్నత విద్యను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. సహేతుకమైన సర్దుబాటు చేయడానికి నిరాకరించడం కూడా వివక్షే అని రెండో అధికరణం చెబుతుంది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు అక్క చేతిలోని ఉత్తరం గుర్తొచ్చింది. ఆమెకు చేసిన మర్యాదకు అన్నేళ్ల తరువాత అసలు పేరు దొరికింది.

ఎవరో తనిఖీకి వస్తున్నారని ఒక భవనానికి రెండు రోజుల్లో ర్యాంపు కట్టారు. గుమ్మం ఎత్తు 45 సెంటీమీటర్లు. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండాలన్న లెక్కన అది 5.4 మీటర్లు సాగాలి. కట్టింది ఒకటిన్నర మీటరు. సిమెంటు ఆరకముందే నేను టేపు పట్టుకొని వెళ్లి కొలిచి చెప్పాను. పిల్లలు జారుడుబల్ల ఆడుకోవడానికి తప్ప పనికిరాని వాలు అది. మొదటి వారంలోనే ఒక అమ్మాయి కుర్చీ వెనక్కి జారింది. వెనక మనిషి ఉండబట్టి ప్రమాదం తప్పింది. కొత్తగా కట్టిన మరుగుదొడ్డి తలుపు చక్కగా 90 సెంటీమీటర్లు ఉంది కాని లోపలికి తెరుచుకొంటుంది. కుర్చీ లోపలికి వెళితే తలుపు మూతపడదు. కుర్చీ తిప్పుకోవడానికి కావలసిన 150 సెంటీమీటర్ల చోటులో చీపుర్లు, బకెట్లు పెట్టారు. కట్టినవాళ్లకు నిర్లక్ష్యం ఉందని నేను అనుకోను. చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషిని పిలిచి అడగాలని ఎవరికీ తోచలేదు. తరువాత ప్రతి నక్షానూ విద్యార్థులకు చూపించి, సంతకానికి ముందు వాళ్ల చేత కొలిపించే పద్ధతి పెట్టించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో నాకు తృప్తినిచ్చేది అదే.

కాలిబాటల్లో గీతలూ బుడిపెలూ ఉన్న పలకలు కూడా వేశారు. సెయిచీ మియాకే అనే జపాన్ మనిషి రూపొందించగా 1967లో ఒకాయామా నగరంలో మొదట వేసిన పలకలివి. పొడవు గీతలుంటే ముందుకు సాగమని, గుండ్రని బుడిపెలుంటే ఆగమని అర్థం. మా దగ్గర ఆ బాట తిన్నగా వెళ్లి ఒక పెద్ద పూలకుండీ దగ్గర ఆగింది. కుండీని నేనూ మరో ఇద్దరు విద్యార్థులూ కలిసి ఆ సాయంత్రమే పక్కకు జరిపించాం.

ఆ రోజుల్లోనే నా మిత్రుడు నన్ను చూడడానికి వచ్చాడు. అప్పటికి అతను అధ్యాపకుడు. 2006లో చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకుల చేతుల్లో మొదలైన తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను మా కంప్యూటర్లో వేసి చూపించాడు. అది నాకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా చదువుతుంటే అతను తీరికగా వింటున్నాడు. మన తెలుగు పుస్తకం ఒకటి తెరిస్తే మాత్రం అది అర్థంలేని అక్షరాలు పలికింది. కంప్యూటర్లన్నీ అక్షరాలను ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతికి ముందటి ఫాంట్లలో కూర్చిన పుస్తకం కావడంతో కంటికి తెలుగులా కనబడినా యంత్రానికి అది తెలుగు కాదు. మరో పుస్తకం ఫొటోలుగా స్కాన్ చేసినది, దానికి మౌనమే సమాధానం. ‘అప్పుడు నీ గొంతు, ఇప్పుడు ఈ మౌనం’ అని అతను అన్నాడు. ఆ తరువాత మేము పాఠ్యపుస్తకాలను యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించడం మొదలుపెట్టాం. ప్రచురణకర్తల అనుమతి కోసం రాసిన ఉత్తరాలకు జవాబు వచ్చేసరికి సెమిస్టరు అయిపోయేది. 2013లో మర్రాకేష్‌లో కుదిరిన ఒప్పందం, చూపులేనివారు చదవగలిగే ప్రతులను హక్కుదారుల అనుమతి కోసం ఆగకుండా తయారుచేసుకొనే వీలు కల్పించాలని నిర్దేశించిందని విన్న రోజు నేను అతనికి ఫోను చేసి ఆ వార్త రెండుసార్లు చదివి వినిపించాను.

ఆ రాకలోనే ఇంకొకటి జరిగింది. నేను అప్పటికి ప్లాస్టిక్‌తో చేసిన తేలికైన కాలిపర్లకు మారాను. గేటు దగ్గర అతను నిలబడి ఉంటే దగ్గరికి వెళ్లి పక్కనే నిలబడ్డాను. అతనికి తెలియలేదు. పేరు పెట్టి పిలిచాక ఉలిక్కిపడి, నా భుజం తడిమి, ‘ఇనుము ఏమైందిరా?’ అన్నాడు. నా నడుముకు, కాళ్లకు ఎంతో సుఖంగా ఉందని చెప్పాను. ‘మంచిదే, మంచిదే’ అన్నాడు గాని, ఆ రోజంతా నా మోచెయ్యి పట్టుకొనే నడిచాడు. అంతకుముందు ఎన్నడూ పట్టుకోలేదు.

*

కొంతకాలం కిందట నేను చదివిన విశ్వవిద్యాలయానికి వెళ్లాను. 14 మెట్లు అలాగే ఉన్నాయి. వెనక తలుపు ఇప్పుడు తలుపు కాదు, ఒక ద్వారం. ముందు చదునైన బాట, పక్కన పట్టుకోవడానికి కమ్మీలు, గోడ మీద బ్రెయిలీలో కూడా రాసిన పేరు ఉన్నాయి. నేను లోపలికి వెళ్లాను. ఎవరూ పరుగెత్తుకొని రాలేదు, ఎవరూ ‘నిదానంగా’ అనలేదు. చదువుకుంటున్నవాళ్లు తల ఎత్తలేదు. ఒక మూల బల్ల దగ్గర కూర్చొని అరగంట ఏమీ చదవకుండా ఉండిపోయాను. పై అంతస్తుకు లిఫ్టు ఉంది. తాళంచెవి కోసం మాత్రం ఎవరినో అడగాలట. ఆ సంగతి అక్కడి రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి వచ్చాను.

పెట్టె దొరికిన రోజు రాత్రి ఒక పాత టేప్‌రికార్డరు సంపాదించి మిత్రుడికి ఫోను చేశాను. ఫోను టేప్‌రికార్డరు పక్కన పెట్టి మొదటి క్యాసెట్టు వేశాను. నా పడుచు గొంతు పేజీ సంఖ్య చెప్పి, డబ్బు పరిమాణ సిద్ధాంతం చదువుతోంది. కొంతసేపటికి గొంతు ఆగింది. కుర్చీ జరిగింది. ‘టక్’, మరొక ‘టక్’. ఇనుము చప్పుడు దూరమైంది, ఆగింది, మళ్లీ దగ్గరికి వచ్చింది. ఆ రోజు టేపు ఆపడం మరిచి మంచినీళ్లకు లేచినట్టున్నాను.

అవతల ఫోనులో చాలాసేపు మాట లేదు.

‘తొమ్మిది అడుగులు’ అన్నాడు చివరికి. ‘కూజా దాకా పోవడానికి తొమ్మిది, రావడానికి తొమ్మిది.’ కాస్త ఆగి, ‘ఆపకురా, రెండో వైపు కూడా వేయి’ అన్నాడు.